గీకిన చింతగింజ

స్టవ్ ఆరిపోయింది.

ఆరిపోలేదు, బాలమణే ఆర్పేసింది. పంపు స్టవ్ మర తిప్పగానే బుస్సుమని గాలి పోయింది, నీలం మంట రెండుసార్లు ఎగిరి చచ్చింది. గిన్నెలో నీళ్ళు మరగడం మానేశాయి. అడుగున గాజు సిరంజి, దాని పక్కన సూది.

జగన్‌మోహన్ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గిన్నె వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు.

"గ్యాస్‌నూనె అయిపోయిందా?"

"కాలే. నేనే ఆర్పిన."

"ఎందుకు?"

"మదన్‌కు సూది వద్దు."

సూది వద్దన్న ఈ రెండు మాటలు అనడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. బుధవారం సర్కారు దవాఖాన వరండాలో గొంతులో చిక్కుకున్నాయి, ఆదివారం పొద్దున పది గంటలకు, ఇదిగో, ఇలా బయటపడ్డాయి. బయటపడ్డాక ఆమెకే భయం వేసింది.

జగన్‌మోహన్ నవ్వాడు. జహీరాబాద్ స్టేషన్ వెనక గల్లీలో అతని మొహం చూసి సూది వద్దన్న మనిషి లేదు. ముసలి డాక్టరు దగ్గర పదేళ్ళు కాంపౌండరుగా చేసి, ఆయన పోయాక ఆ సిరంజిలు, ఆ స్టవ్ ఇంటికి తెచ్చుకున్నాడు. బోర్డు పెట్టలేదు. అవసరం రాలేదు. సంత రోజు న్యాల్‌కల్ నుంచి, కోహీర్ నుంచి, మొగుడంపల్లి నుంచి పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులు వసారాలో వరసగా కూర్చుంటారు. గోలీలు ఇస్తే మొహం మాడ్చుకుంటారు. సూది పొడిస్తేనే డాక్టర్ సాబ్.

"పక్కకు జరుగు," అన్నాడు. "పిలగాడు కాలిపోతున్నడు."

"జరగ."

లోపలి అర్రలో పది నెలల మదన్ సన్నగా ఏడుస్తున్నాడు. జగన్‌మోహన్ తమ్ముడు బస్వరాజ్ కొడుకు. బస్వరాజ్ లారీ మీద షోలాపూర్ వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. శుక్రవారం నుంచి పిల్లాడికి జ్వరం. నిన్నటి నుంచి ఎత్తుకుంటే ఏడుపు, పడుకోబెడితే ఏడుపు, మెడ వంచితే కేక. ఈ వానాకాలం ఈ గల్లీలోనే ఇద్దరు పిల్లలకు ఇలాగే జ్వరం వచ్చి, దిగి, జ్వరంతో పాటు కాలు కూడా పడిపోయింది.

"ఏందే అక్కడ ముచ్చట్లు?" అత్త అనంతమ్మ గొంతు ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. ఆరిన స్టవ్ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంకా ఉడకలేదా ఆ సూది?"

"నీ కోడలు వద్దంటున్నది," అన్నాడు జగన్‌మోహన్.

"ఎవరు? ఇదా?"

"జ్వరం ఏ జ్వరమో తెల్వకుండ సూది పొడవొద్దత్తా," అంది బాలమణి. "తడిబట్ట ఏద్దాం, నీళ్ళు తాగిద్దాం. సర్కారు దవాఖానకు తీస్కపోదాం. సూది మాత్రం వద్దు."

"ఎవరు చెప్పిన్రు?"

"మా వరండల..."

"ఆఁ, వరండ!" అనంతమ్మ చేతులు చరిచింది. "బుధవారం బుధవారం పోయి బండల మీద కూసొని డాక్టరీ సదివొచ్చిందిరా నీ పెండ్లాం! ఇగ నువ్వు బ్యాగు దానికిచ్చి పొయ్యికాడ కూసో!"

"సదువు కాదత్తా. పదకొండు మందిమి కూసోని మాట్లాడుకుంటం."

"పదకొండు మంది కుంటి పిల్లల తల్లులు! వాళ్లకు అంత తెలివుంటే వాళ్ల పిల్లలెందుకు గట్లయితరే?"

బాలమణి చూపు పెరటి వైపు పోయింది.

పెరట్లో, ఆ మాట వినపడేంత దూరంలోనే, ఆరేళ్ళ బస్వమ్మ ఊతానికి పాతిన రెండు వెదురు బొంగులు పట్టుకుని వాటి మధ్య నడుస్తోంది. బాలమణి కూతురు. ఎడమ కాలికి ఇనుప బూటు. ఒక అడుగు టక్కుమంటుంది, ఇంకో అడుగు ఈడ్చినట్టు వినిపిస్తుంది.

ఆ బొంగులు పాతడం బాలమణి వరండాలోనే నేర్చుకుంది. మోకాలు ఎలా వంచాలి, ఎన్నిసార్లు వంచాలి, బూటు ఒరుసుకుంటే లోపల ఏ గుడ్డ కుట్టాలి, అన్నీ అక్కడే. ఒక తల్లికి తెలిసింది ఇంకో తల్లికి చెప్పేది, అంతే. మొదటి బుధవారం ఆమె స్తంభం వెనక కూర్చుంది, పేరు అడిగితే కొంగు నోట్లో పెట్టుకుంది. ఏడాది తిరిగేసరికి కోహీర్ నుంచి కొత్తగా వచ్చిన తల్లి ఏడుస్తుంటే, "ఏడ్సుడు ఇంటికి పోయినంక, ముందు కాలు ఇట్ల పట్టు," అని చెప్పే మనిషయింది. బొంగులు పాతిన రోజు జగన్‌మోహన్ నవ్వాడు. మర్నాడు ఎవరూ చూడకుండా గాజుపెంకుతో ఆ బొంగులు నున్నగా గీకాడు, కూతురి చేతికి పేళ్ళు గుచ్చుకోకూడదని.

అలాంటి మనిషితో సూది వద్దనడానికి, అందుకే ఆమెకు నాలుగు రోజులు పట్టింది.

దేవమ్మ కొడుకుని భుజాన వేసుకుని గడపలోకి వచ్చింది. బస్వరాజ్ భార్య, బాలమణి తోటికోడలు, ఇరవై ఏళ్ళు నిండలేదు. రెండు రాత్రుళ్ళు నిద్రలేక కళ్ళ కింద నల్లగా ఉంది.

"అక్కా, ఎందుకాపుతున్నవ్?"

"దేవా, జర నా మాట ఇను. రెండు దినాలు సూది..."

"నిన్న గూడ గిట్లనే అన్నవ్. ఇంకొక్క దినం చూద్దామన్నవ్. చూసినం గదా!"

"చూసినం. ఇంకా..."

"నీ బిడ్డకు జ్వరమొస్తే నువ్వు ఒక దినమన్న ఆగినవా?" దేవమ్మ గొంతు సన్నగా చీలింది. "అప్పుడు సూది కావాలె. నా కొడుక్కయితే వద్దు. ఎందుకక్కా? నీ బిడ్డ కుంటుతుంటే నా కొడుకు ఉరుకుతడని పాణం ఒప్పుతలేదా?"

పెరట్లో ఇనుప బూటు చప్పుడు ఆగిపోయింది.

అనంతమ్మ కూడా తల తిప్పుకుంది. అంత మాట ఆమె సైతం అని ఉండేది కాదు.

బాలమణి కొంగు చివర ముడి విప్పింది. ముడి ఊడలేదు, పంటితో లాగింది. లోపల ఒక చింతగింజ. నల్లటి తొక్క పూర్తిగా గీకేసిన తెల్లటి గింజ.

దాన్ని స్టవ్ పక్కన, బండ మీద పెట్టింది.

"ఇదేంది?" అంది అనంతమ్మ.

"బుధవారం గింజ."

బుధవారం వరండాలో కొత్త పిల్లలెవరూ రాలేదు. వాన పడుతోంది. ఇమామ్ బీ ఆపా, అందరిలోకీ పెద్దది, బొంతలు కుడుతుంది, చింతగింజలు మూటకట్టుకు వచ్చింది. పదకొండు గింజలు రాయి మీద గీకి తెల్లగా చేసి తెచ్చింది, మనిషికొకటి. జ్వరం వచ్చిన రోజు నుంచి కాలు పడిన రోజు దాకా దినానికో గింజ వరసగా పెట్టండి అంది. సూది పడిన దినం కాడ తెల్ల గింజ పెట్టండి. సూది ఎడమ దిక్కు పడితే వరసకు ఎడమ పక్క, కుడి దిక్కయితే కుడి పక్క.

ఆడుకున్నట్టే మొదలుపెట్టారు. ఎవరో అష్టాచెమ్మా అన్నారు కూడా. నవ్వారు.

ఇద్దరు తెల్ల గింజలు వెనక్కి ఇచ్చేశారు, తమ పిల్లలకు సూదే పడలేదని. ఎనిమిది మంది పెట్టారు. ఆ ఎనిమిది వరసల్లో తెల్ల గింజ తర్వాత మూడు నల్ల గింజలకు మించి లేవు. సూది పడిన మూడు దినాల్లోపే అందరికీ కాలు పడిపోయింది. ఇమామ్ బీ మోకాళ్ళ మీద వరసల చుట్టూ తిరిగింది. తెల్ల గింజ ఎడమన ఉన్న పిల్లకు ఎడమ కాలే పోయింది. కుడిన ఉన్న పిల్లగాడికి కుడి కాలే.

అప్పుడెవరూ నవ్వలేదు. దవాఖాన డాక్టరమ్మను పిలిచి చూపించారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి ఆ గింజల వంక చాలాసేపు చూసింది. "జ్వరం సూదితో రాదు," అంది. "కానీ ఆ జ్వరం లోపలుండగా సూది పొడిస్తే, పొడిచిన కాలి మీదనే పడుతుంది. సదువుకున్న. ఇట్ల ఎదురుగ ఎన్నడూ చూడలే."

ఇదంతా బాలమణి చెప్పింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది, వెనకది ముందు, ముందుది వెనక. చెబుతున్నంతసేపూ మొగుడి మొహం చూడలేదు.

"ఎనిమిది మందిల ఆడపిల్లలందరికి ఎడమ," అంది చివరికి. "మగపిల్లలందరికి కుడి. జబ్బుకు ఆడ, మగ ఎట్ల తెలుస్తది? జబ్బుకు తెల్వదు. సూది పెట్టినాయనకు తెలుసు."

ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆడపిల్లకు ఎడమ దిక్కు, మగపిల్లగాడికి కుడి దిక్కు. అది జగన్‌మోహన్ పట్టింపు. చెయ్యి చూసేవాళ్ళు ఎలా చూస్తారో అలా. ముసలి డాక్టరుకు లేని పట్టింపు అది, తనే పెట్టుకున్నాడు. తల్లులకు అది నచ్చింది. శాస్త్రం తెలిసిన డాక్టర్ సాబ్ అన్నారు.

జగన్‌మోహన్ గోడకు ఆనుకున్నాడు. ఆనుకుని, అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"బస్వికి నేనే పెట్టిన," అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు.

"నేనే పెట్టమన్న," అంది బాలమణి. "గోలీ ఇస్తవా, నీ బిడ్డకు గోలీతోని సరిపెడ్తవా అని లొల్లి చేసిన. యాదికుందా? నేనే కాళ్లు పట్టుకున్న, అది తన్నకుండ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగేళ్ళలో కూతురి కాలి గురించి వాళ్ళు మాట్లాడుకున్నది ఇదే మొదటిసారి.

"మంచిది," అంది బాలమణి, గిన్నె చేతుల్లోకి తీసుకుంటూ. "అయిందేదో అయింది. మదన్‌కు మాత్రం..."

"అయింది," అన్నాడు జగన్‌మోహన్.

"ఏంది?"

"పొద్దుగాలనే ఒకటి అయింది. ఇది రెండోది."

గిన్నెలో నీళ్ళు ఒలికి ఆమె పాదాల మీద పడ్డాయి. ఇంకా వేడిగానే ఉన్నాయి. ఆమె కదల్లేదు.

"ఎప్పుడు?"

"నువ్వు నల్లా కాడికి పోయినప్పుడు." ఈసారి చెప్పింది దేవమ్మ. మెల్లగా చెప్పింది. "నేనే అడిగిన. నువ్వుంటే ఆపుతవని, నువ్వు బిందె పట్టుకొని పోంగనే బావను లేపిన. కుడి దిక్కు పెట్టిండు."

నల్లా దగ్గర ఈ పొద్దున చాలా మంది ఉన్నారు. బాలమణి రెండు బిందెలు నింపుకుంది. వరసలో నిలబడి, ఇంటికి పోగానే చెప్పాలి, ఇవాళ చెప్పేయాలి, అని మాటలు కూర్చుకుంటూనే ఉంది.

దేవమ్మ నేల మీద కూర్చుని కొడుకుని ఒళ్ళో వేసుకుంది. బండ మీది గింజ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, ఇది ఏ బుధవారం?"

బాలమణికి ప్రశ్న అర్థమయింది.

"మొన్న బుధవారమా?"

"ఊఁ."

"మా వానికి జ్వరం శుక్రవారమొచ్చింది."

"దేవా..."

"బుధవారమే నీకు తెలుసు. తెలిసి ఇంటికొచ్చినవ్, రొట్టెలు చేసినవ్. శుక్రవారం జ్వరమొచ్చిందంటే నుదురు పట్టి చూసినవ్. తడిబట్ట ఏసినవ్. శనివారం ఇంకొక్క దినం చూద్దామన్నవ్." దేవమ్మ అరవడం లేదు. అరిస్తే బాగుండునని బాలమణి అనుకుంది. "ఈ గింజ నీ కొంగుల ఉండె. ఊరూరి ఆడోళ్లకు పనులొదులుకొని చెప్తవ్. ఒక్క గోడ అవతల నేనుంటి గదక్కా. నాకెందుకు చెప్పలే?"

ఎందుకు చెప్పలేదు?

చెబితే మొగుడి పేరు చెప్పాలి. చెబితే వసారాలో కూర్చునే తల్లులు రేపు ఇంటి మీద పడతారు. చెబితే బస్వమ్మ పెద్దయ్యాక వింటుంది, మీ నాయినే అని. వరండాలో ధైర్యం బాగానే ఉంది, అక్కడ పదిమంది పక్కన ఉన్నారు. ఇంటి గడప దాటేసరికి అది ఎటు పోయిందో ఆమెకు తెలియదు. నాలుగు రోజులు వెతుక్కుంది. నాలుగు రోజులు ఆలస్యంగా దొరికింది.

ఇవేవీ దేవమ్మకు చెప్పే మాటలు కావు.

"భయమైంది," అంది.

దేవమ్మ తల ఊపింది. గింజ తిరిగి బండ మీద పెట్టేసింది.

అనంతమ్మ లేచి వెళ్ళి నూనె సీసా తెచ్చింది. "సూది పడ్డకాడ గడ్డ కట్టి ఉంటది. జర నూనె రాసి గట్టిగ పిసికితే..."

"పిసకొద్దు!"

బాలమణి అరుపుకు సీసా అనంతమ్మ చేతిలోనే ఆగిపోయింది.

"నూనె పెట్టొద్దు, కాలు పట్టొద్దు, ఎత్తుకొని తిప్పొద్దు. ఇప్పుడు ఎంత కదిపితే అంత చెరుపు. దేవా, వాన్ని చాప మీద వెల్లకిల పండబెట్టు. తలకింద మెత్త వద్దు. అత్తా, మంచం కింద చెక్క పలక ఉంది, తీస్కరా. అరిపాదాలు ఆనించాలె."

అనంతమ్మ కోడలి వంక చూసింది. ఏదో అనబోయింది. అనకుండానే వెళ్ళి పలక తెచ్చింది.

పదకొండేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో బాలమణి చెప్పిన పని అత్త చెయ్యడం అదే మొదలు. ఆ గెలుపు ఆమెకు అక్కర్లేదు. ఎవరికైనా ఇచ్చేసేది, ఆ పొద్దుటి ఒక్క గంట వెనక్కి ఇస్తామంటే.

పెరటి తలుపు కిర్రుమంది.

"బాలమణీ! ఎక్కడున్నవ్ బేటీ? మా రాణీ సాహెబా పది అడుగులు ఏస్తదంట ఇయ్యాల, నవాబు కూతురు!"

ఇమామ్ బీ. ప్రతి ఆదివారం కూతురు ఖాతూన్‌ను బొంగుల మధ్య నడిపించడానికి తీసుకొస్తుంది. ఖాతూన్‌కు ఎనిమిదేళ్ళు, ఎడమ కాలు. అప్పుడే బస్వమ్మతో "నువ్వు జరుగు, నా వంతు" అని తగాదా పెట్టుకుంటోంది.

బాలమణి బండ మీది గింజ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఇమామ్ బీ ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది.

బాలమణి మాట్లాడకుండా అరచెయ్యి చాపింది. అందులో తెల్ల గింజ.

"నేను బుధవారం నా వరసల ఇది పెట్టలే ఆపా. సూది పడలేదని అబద్ధం చెప్పిన. పడ్డది. నా మొగుని చెయ్యి. మీ ఖాతూన్‌కు పొడిచింది గూడ ఆ చెయ్యే. నేను మిమ్మల్నందరిని మోసం చేసిన."

ఇమామ్ బీ ఆ గింజ తీసుకోలేదు.

"పదకొండు గీకిన," అంది. "రెండు చేతికొచ్చినయ్. ఎనిమిది కింద ఉన్నయ్. ఏరుకునేటప్పుడు లెక్క చూసుకున్న. ఒకటి రాలే."

"తెలుసా మీకు?"

"అరే పగలీ! నా బిడ్డకు సూది ఎవరు పొడిచిన్రో నాకు తెల్వదా? ఆ ఎనిమిది మందికి తెల్వదా? డాక్టరమ్మ ఎవరి చెయ్యి అని అడిగితే ఒక్కతన్న నోరిప్పిందా? అందరు కింద చూసిన్రు. ఎందుకు? నువ్వు ముందు కూసున్నవ్ గనక. మా పిల్లల కాళ్లు నీ చేతులతోని వంచినవ్ గనక. నువ్వొక్కదానివే దాచినవనుకున్నవా? ఎనిమిది మందిమి దాచినం, నీ మొహం చూసి."

బాలమణి గింజ మీద గుప్పిట బిగించింది.

"ఒక్కరన్న చెప్తే అయిపోయేది ఆపా," అంది. "ఒక్కరు. ఆ బుధవారమే. నన్ను చూడకుండ మీరన్న అనుంటే... మదన్‌కు పొద్దుగాల పడ్డది సూది."

ఇమామ్ బీ చెయ్యి నోటి మీదకు వెళ్ళింది.

"యా అల్లా. ఏ దిక్కు?"

"కుడి."

ఇమామ్ బీ ఇంకేమీ అడగలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. గోడ దగ్గర కూర్చున్న జగన్‌మోహన్ పక్కనుంచే నడిచింది. అతను లేవబోయాడు, తల ఎత్తలేకపోయాడు.

"ఉండుండు డాక్టర్ సాబ్, కూసో," అంది ఆమె. "మీతోని తర్వాత."

ఆ "తర్వాత" అన్న మాటకు అతను ఇంకా ముడుచుకున్నాడు.

చాప మీద మదన్ నిద్రపోయాడు. నిద్ర కాదేమో, అలసట. ఇమామ్ బీ వేడినీళ్ళలో పిండిన కంబళి ముక్క ఎలా చుట్టాలో దేవమ్మకు చూపించింది. చుట్టాలి, కట్టకూడదు. చల్లారగానే మార్చాలి. పిసకకూడదు. ఆదివారం డాక్టరమ్మ ఉండదు గనక, రేపు తెల్లారగానే దవాఖానకు, భుజాన వేసుకుని కాదు, పలక మీద పడుకోబెట్టి. దేవమ్మ ప్రతి మాటకూ తల ఊపింది, పెదాలు కదుపుతూ లోపల్లోపల అప్పజెప్పుకుంది.

"ఎన్ని దినాలు?" అని అడిగింది.

ఇమామ్ బీ బాలమణి వంక చూసింది. చెప్పాల్సింది నువ్వే అన్నట్టు.

"మూడు," అంది బాలమణి. "మూడు దినాలు దాటినోళ్లు మా వరసలల్ల లేరు. ఈ జ్వరం వేరే జ్వరం కావచ్చు దేవా. పిల్లలందరికి కాలు పడదు. దాటితే దాటినట్టే."

"ఇయ్యాల ఒకటా?"

"ఒకటి."

దేవమ్మ చీపురు పుల్ల ఒకటి విరిచింది. ఎవరూ నేర్పలేదు, కాలు ఆడుతుందో లేదో చూడాలని తనకే తోచింది. కొడుకు ఎడమ అరిపాదం మీద సన్నగా గీసింది. కాలు చటుక్కున వెనక్కి పోయింది.

కుడి అరిపాదం మీద గీసింది.

వేళ్ళు విచ్చుకున్నాయి. కాలు అక్కడే ఉంది. నలుగురు ఆడవాళ్ళు ఆ కాలు మీదికి వంగారు. అనంతమ్మ పెదాలు ఏ దేవుడి పేరో అంటున్నాయి. ఇంకా అక్కడే ఉంది. తర్వాత మెల్లగా, నీళ్ళలో కదిలినట్టు, మోకాలు కొంచెం వంగింది.

"వచ్చింది," అంది దేవమ్మ. "వచ్చింది గదా అక్కా? నిద్రల ఉన్నడు, అందుకే ఆలస్యమైంది. గంతే గదా?"

బాలమణి ఇమామ్ బీ వంక చూడలేదు. ఇమామ్ బీ బాలమణి వంక చూడలేదు.

"నిద్రల ఉన్నడు," అంది బాలమణి.

"అబద్ధం చెప్పకు."

"తెల్వదు దేవా. నిజంగ తెల్వదు."

"మంచిది. గట్లనే చెప్పు," అంది దేవమ్మ, పుల్ల కింద పెట్టకుండా. "తెల్వకుంటె తెల్వదను. తెలిస్తే మాత్రం నాకు చెప్పు. గోడ అవతల ఉండకు."

ఆ మాటలో క్షమ లేదు. కానీ తలుపు పూర్తిగా వేసేయలేదు. బాలమణి అంతకు మించి ఆశించలేదు.

"డాక్టర్ సాబ్! ఓ డాక్టర్ సాబ్!"

వీధి వసారాలోంచి ఆడగొంతు. ఆ ఇంట్లో ఆదివారం, పండగ, ఏదీ లేదు. బాలమణి లేచింది. జగన్‌మోహన్ కూర్చున్న చోటు వంక చూడకుండానే దాటి వెళ్ళింది.

వసారాలో ఒక తల్లి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. మొగుడంపల్లి నుంచి నడిచొచ్చానంది, పేరు నారమ్మ అంది, అడగకముందే అన్నీ చెప్పేసింది. చంకలో రెండేళ్ళ పిల్ల. పిల్ల మెడ తల్లి భుజం మీద వాలి, కదిలితే మూలుగుతోంది.

"మూడు దినాల సంది జ్వరమక్కా. సూది పెట్టించుకోనిదే ఇంట్లకు రావొద్దన్నది మా అత్త. డాక్టర్ సాబ్ ఉన్నడా?"

"కూసో," అంది బాలమణి. "నీళ్లు తాగు. పిల్లను ఒళ్లె పండబెట్టు, మెడ కదలనియ్యకు. నీకొక ముచ్చట చెప్తా, మొత్తం ఇన్నంకనే..."

నారమ్మ కూర్చుంది. కానీ వినడం లేదు. అలవాటున్న మనిషిలా పిల్లను బోర్లా వేసుకుని, గౌను పైకి తీసింది. ఎడమ పక్క.

"ఎడమ దిక్కే గదా అక్కా, ఆడపిల్లకు?" అంది. "మా పెద్దదానికి గూడ గట్లనే పెట్టిండు."

పెద్దది ఎలా ఉందని బాలమణి అడగలేదు.

ద్వారానికి అటూ ఇటూ చేతులు ఆనించి నిలబడింది. ఈసారి గోడ అవతల ఉండకూడదు. ఈ పేరు ఇప్పుడే, ఈ గడపలోనే, ఈ పరాయి మనిషికి చెప్పాలి. మాట గొంతు దాకా వచ్చింది.

అప్పుడు వెనక నుంచి వినపడింది. టక్. టక్. టక్.

స్టవ్ పంపు కొడుతున్నారు, కంబళికి నీళ్ళు కాచడానికో, సిరంజి ఉడకబెట్టడానికో.

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఆ తర్వాత బుస్సుమని మంట అందుకున్న చప్పుడు.

నారమ్మ మొహం విప్పారింది. "హమ్మయ్య," అంది. "డాక్టర్ సాబ్ ఇంట్లనే ఉన్నట్టున్నడు."